భీముడు గుడ్లు పెట్టాడు, ఇప్పుడేం చేయాలి?

కొత్తగా_చేరా
మూడు నెలల క్రితం ఒకాయన దగ్గర లెపర్డ్ గెక్కో (ఒంటి మీద చుక్కలుండే పెంపుడు బల్లి) తీసుకున్నాను. మగది అని చెప్పి ఇచ్చాడు. భీముడు అని పేరు పెట్టుకున్నాను. ఈ రోజు పొద్దున చూస్తే నీళ్ల గిన్నెలో రెండు తెల్లటి గుడ్లు! ముందు అవేంటో కూడా అర్థం కాలేదు, తడిసి ఉబ్బిన క్యాప్సూల్స్‌లా ఉన్నాయి.

వారం రోజులుగా తిండి సరిగ్గా తినడం లేదు. రాత్రంతా కింద పరిచిన పేపర్ టవల్ గీకడం, గాజు గీకడం. కొత్త చోటు కదా, అలవాటు పడుతున్నాడులే అనుకున్నా.

ట్యాంకు 90 x 45 x 45 సెం.మీ. గాజుది. ఒక చివర కింద హీట్ మ్యాట్, దానికి థర్మోస్టాట్ ఉంది. వేడి వైపు ఒక గూడు, చల్లటి వైపు ఒక గూడు, కుబుసం విడవడానికి తడి నాచు పెట్టిన చిన్న డబ్బా ఒకటి. బరువు పోయిన నెల 61 గ్రాములు, ఈ రోజు 54.

ఆ గుడ్లు బతికి ఉంటాయా? మళ్లీ పెడుతుందా? పెడితే ట్యాంకులో ఏం మార్చాలి? నాకు ఈ విషయంలో సున్నా. తిట్టకుండా చెప్పండి.

సగంతోక
రేపట్నుంచి భీమమ్మ.

రేయిపురుగు
హిడింబి ఇంకా బాగుంటుంది.

థర్మోస్టాట్_తాత
పేర్ల సంగతి తర్వాత. ముందు ఒకటి కన్ఫర్మ్ చేసుకోండి. పారదర్శకమైన డబ్బాలో పెట్టి కింది నుంచి చూడండి. మగదానికి వెనక కాళ్ల మధ్య తిరగేసిన V ఆకారంలో మైనం లాంటి చుక్కల వరస స్పష్టంగా కనిపిస్తుంది, తోక మొదట్లో రెండు ఉబ్బులు ఉంటాయి. ఆడదానికి ఉబ్బులు ఉండవు, చుక్కలు ఉన్నా లేనట్టే ఉంటాయి.

గుడ్లు ఎంతసేపు నీళ్లలో ఉన్నాయో తెలియదు కాబట్టి వాటి మీద ఆశ వదిలేయండి. లెపర్డ్ గెక్కో గుడ్డు పెంకు గట్టిది కాదు, తోలు లాంటిది. చుట్టుపక్కల తడిని పీల్చుకుంటూ పెరిగే గుడ్డు అది. నీళ్లలో పడితే లోపలి పిండానికి గాలి ఆడదు.

మళ్లీ పెడుతుందా అంటే, పెడుతుంది. ఒక సీజన్‌లో రెండేసి గుడ్ల చొప్పున చాలాసార్లు పెట్టొచ్చు. ఒక ఈతకీ ఇంకో ఈతకీ మధ్య రెండు నుంచి నాలుగు వారాలు. అంటే మీకు సిద్ధం కావడానికి ఉన్న టైమ్ అదే.

నీళ్ల గిన్నెలో ఎందుకు పెట్టింది? వేరే చోటు లేక. ఈ జంతువుల సొంత చోటు అఫ్ఘానిస్థాన్, పాకిస్థాన్, వాయవ్య భారతం వైపు ఎండు రాతినేలలు. పైన నేల ఎండిపోయి ఉంటుంది, లోపలికి తవ్వితే చెమ్మ తగులుతుంది. గుడ్డు ఆ చెమ్మలో ఉండాలి. మీ ట్యాంకులో ఎంత తవ్వినా పేపర్ టవలూ దాని కింద గాజూ తప్ప ఏమీ లేవు. తడి దొరికింది నీళ్ల గిన్నెలోనే. దాని తప్పేం లేదు.

కొత్తగా_చేరా
నాచు డబ్బా ఉంది కదా తాతగారూ? అందులో తడి ఉంది. దాన్నెందుకు వదిలేసింది?

థర్మోస్టాట్_తాత
లోతు ఎంత?

కొత్తగా_చేరా
రెండు వేళ్లు. 3 సెం.మీ. ఉంటుందేమో.

థర్మోస్టాట్_తాత
అదీ కారణం. కుబుసానికి సరిపోతుంది. గుడ్లకి చాలదు. ఆడది తన ఒళ్లంతా పట్టేలా గుంత తీసి, గుడ్లు పెట్టి, మళ్లీ పూడ్చి వెళ్తుంది. పూడ్చడానికి మట్టి లేకపోతే అది గూడు కాదు దాని లెక్కలో.

మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. మీ గెక్కో లోపల చుట్టూ తిరగగలిగేంత ఉండాలి, సుమారు 20 x 15 సెం.మీ. అడుగు, ఎత్తు 15 పైనే. పక్క గోడకి 5 సెం.మీ. గుండ్రటి రంధ్రం చేసి అంచులు మంటతోనో గరుకు కాగితంతోనో నున్నగా చేయండి, లేకపోతే ఉబ్బిన పొట్ట గీసుకుంటుంది. రంధ్రం అడుగున కాదు, లోపల పోసే మట్టి ఎత్తుకి పైన ఉండాలి. లోపల 8 నుంచి 10 సెం.మీ. లోతు కొబ్బరి పొట్టు. తడి ఎంత అంటే గుప్పిట్లో పిండితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు. ఒక్క చుక్క వస్తే పర్లేదు, ధార వస్తే ఎక్కువైనట్టే.

డబ్బా పెట్టే చోటు వేడి వైపుకీ మధ్యకీ నడుమ. సరిగ్గా మ్యాట్ మీద వద్దు, అడుగు ఎండిపోతుంది. చివర చల్లటి వైపు కూడా వద్దు.

రేయిపురుగు
తాతతో సగమే ఒప్పుకుంటా. నా దానికి మూడు సీజన్లు ఉత్త స్ఫాగ్నమ్ నాచే పెట్టా, లోతుగా కూరి. ప్రతిసారీ అందులోనే పెట్టింది. కొబ్బరి పొట్టు కళ్లల్లోకి వెళ్తుంది, మూతికి అంటుతుంది, మేతకి వేసే మీల్‌వార్మ్ పురుగులు అందులో దూరి మాయమైపోతాయి.

లియో_లత
నాచు పీచులు గుడ్లకి అంటుకుంటాయి. పెట్టిన కొత్తలో గుడ్డు జిగటగా ఉంటుంది కదా, ఒకసారి పీచు లాగుతుంటే గుడ్డే చిరిగింది నాకు. అప్పట్నుంచి నాచు బంద్.

రేయిపురుగు
లాగడం ఎందుకమ్మా, కత్తిరించాలి.

లియో_లత
అప్పటికి తెలిస్తే కత్తిరించేదాన్నే.

సగంతోక
నేను కొబ్బరి పొట్టులో మూడో వంతు ఇసుక కలుపుతా. ఉత్త పొట్టు అయితే గుంత తీయగానే కూలిపోతుంది. ఇసుక కలిపి తడిపి అదిమితే సొరంగం నిలుస్తుంది. ఇప్పుడు ఇసుక అన్నందుకు పది మంది మీద పడతారని తెలుసు, పడండి.

ఎండుటాకు
పడుతున్నా. ఇసుక తింటే పేగుల్లో అడ్డం పడి చచ్చిపోతాయి. కొత్తవాళ్లకి చెప్పే సలహానా ఇది?

థర్మోస్టాట్_తాత
సగంతోక చెప్పింది తడిపి అదిమిన ఇసుక మట్టి. పొడి ఇసుక ట్యాంకంతా పరవమనలేదు. పొడిది, అందులోనూ కాల్షియం ఇసుక అని రంగులేసి అమ్మేది, దాని జోలికి వెళ్లొద్దు. అసలు గెక్కో పనిగట్టుకుని ఇసుక నాకుతోందంటే చాలాసార్లు కాల్షియం తక్కువైనట్టు. అక్కడికే వస్తున్నా, కానీ లత బాగా చెబుతుంది.

లియో_లత
చెబుతా. డబ్బా కంటే ముందు ఇది చూడండి కొత్తగా_చేరా గారూ.

గుడ్ల పెంకుకి కాల్షియం కావాలి. మీరు ఇవ్వకపోతే ఎముకల్లోంచి లాగేస్తుంది. అప్పుడు దవడ మెత్తబడటం, కాళ్లు వంకర పోవడం, వేళ్లు వణకడం మొదలవుతాయి. చిన్న సీసా మూతలో ఉత్త కాల్షియం పొడి, విటమిన్ డి3 లేనిది, ఎప్పుడూ ట్యాంకులో ఉంచండి. కావలసినప్పుడు అదే నాకుతుంది. డి3 కలిసిన పొడి మాత్రం పురుగులకి పట్టించి వారానికి రెండుసార్లు, అంతకంటే వద్దు, డి3 ఎక్కువైనా ప్రమాదమే. పురుగులకి కూడా ముందు రోజు బాగా మేత పెట్టాలి. ఖాళీ పొట్ట కీచురాయిని తింటే దానికి వచ్చేది పెంకు ఒక్కటే.

గుడ్లు పెట్టే రోజుల్లో దానికి రోజూ తిండి పెట్టండి. 61 నుంచి 54కి వచ్చిందన్నారు. గుడ్లు రెండూ కలిపి 5, 6 గ్రాములు ఉంటాయి కాబట్టి ఆ తేడాలో చాలా భాగం అవే, భయపడక్కర్లేదు. కానీ తోక చూడండి. కొవ్వంతా దాచుకునేది అక్కడే. తోక మెడ కంటే సన్నబడితే అది తనని తాను తినేస్తోందని లెక్క.

ఇంకో మాట. పొట్ట కింద చర్మం పల్చగా ఉంటుంది. ఈత దగ్గర పడినప్పుడు రెండు వైపులా రెండు తెల్లటి కోలలు కనిపిస్తాయి, అవే గుడ్లు. చేత్తో నొక్కి చూడొద్దు, కింది నుంచి టార్చ్ వేస్తే చాలు.

కొత్తగా_చేరా
చూశాను. ఉబ్బులు లేవు, చుక్కలు లేవు. ఆడదే. మూడు నెలలు "ఏరా భీమా" అని పిలిచాను.

నీళ్లలో గుడ్లకి కింద టార్చ్ పెట్టి చూశా, మొత్తం పసుపు. తీసేశాను. ఒక డౌట్: నా దగ్గర మగది లేదు కదా, గుడ్లెలా వచ్చాయి?

రేయిపురుగు
కోడి పెట్టడం లేదా పుంజు లేకుండా?

థర్మోస్టాట్_తాత
అదొక కారణం. మగది లేకపోయినా సీజన్‌లో కొన్ని పొల్లు గుడ్లు పెడతాయి. పొల్లువైనా పెట్టడానికి చోటు కావాల్సిందే, ఇది చాలామంది మర్చిపోతారు. "నాకు పిల్లలు వద్దు, డబ్బా ఎందుకు" అంటారు. గుడ్డుకి పొల్లు అని తెలియదు, అది బయటికి రావాలి.

రెండో కారణం, మీకు ఇచ్చినాయన దగ్గర ఒక్కటే ఉండేదా?

కొత్తగా_చేరా
ఒకే పెట్టెలో నాలుగు ఉండేవి. అన్నీ మగవే అన్నాడు.

సగంతోక
నాలుగూ మగవైతే ఒకదానికి తోక కూడా మిగిలేది కాదు. కొట్టుకుని చచ్చేవి. నా హ్యాండిల్ చూడండి, మా మొదటి గెక్కో పుణ్యం.

థర్మోస్టాట్_తాత
అయితే ఒకటైనా మగది ఉండి ఉంటుంది. ఒకసారి జతకట్టిన ఆడది ఆ వీర్యాన్ని లోపల దాచుకుని నెలల తర్వాత కూడా నిజం గుడ్లు పెట్టగలదు. అంటే తర్వాతి ఈత పొల్లుదని ఖాయంగా అనుకోవద్దు.

క్రెస్టీవాడు
ఇదే డబ్బా క్రెస్టెడ్ గెక్కోకి పనికొస్తుందా? నాకూ ఒక ఆడది ఉంది, 38 గ్రాములు. కొత్త టాపిక్ తెరవడం ఎందుకని ఇక్కడే అడుగుతున్నా.

తేమకుండీ
పనికొస్తుంది, ట్యాంకే వేరు. లెపర్డ్‌కి నేల వైశాల్యం కావాలి, క్రెస్టెడ్‌కి ఎత్తు కావాలి, కొమ్మలు కావాలి. డబ్బా మాత్రం కిందే పెట్టాలి, గుడ్లకి కిందికి దిగుతుంది. నేలంతా 7, 8 సెం.మీ. తడి మట్టి వేసి ఉంటే డబ్బాలోనే పెట్టాలని లేదు, ఎక్కడో మొక్క వేరు దగ్గర పెట్టి మీకు చెప్పదు. అందుకే గుడ్ల కాలంలో నేల మీద పేపర్ వేసి డబ్బా ఒక్కటే మట్టితో ఉంచుతా నేను.

వేడి విషయంలో మాత్రం పూర్తిగా తలకిందులు. న్యూ కాలెడోనియా దీవుల జంతువు అది, 22 నుంచి 25 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది, 28 దాటితే ఇబ్బంది. గుడ్లు కూడా ఆ గది వేడిలోనే పొదుగుతాయి, రెండు మూడు నెలలు పడుతుంది, ఇంకా ఎక్కువ కూడా. నోరు తెరిచినప్పుడు అంగిట్లో రెండు తెల్లటి సంచులు చూడండి, అవి కాల్షియం నిల్వ. అవి ఖాళీగా ఉంటే గుడ్లకి ఆగాలి.

క్రెస్టీవాడు
1994 దాకా అంతరించిపోయిందనుకున్న జంతువు ఇప్పుడు మా ఇంట్లో నెలకి రెండు గుడ్లు పెడుతోంది. వింతే.

నలుగురాడవాళ్లు
మీ తవ్వకాలు చూస్తుంటే జాలేస్తోంది. మా మోర్నింగ్ గెక్కోలకి డబ్బా లేదు, నాచు లేదు, మగది కూడా లేదు. అన్నీ ఆడవే, వాటంతట అవే గుడ్లు పెడతాయి, పిల్లలు కూడా ఆడవే.

సగంతోక
హ్యాండిల్ ఇప్పుడర్థమైంది.

నలుగురాడవాళ్లు
ఇప్పుడు పదమూడు మంది. హ్యాండిల్ మార్చడం కుదరట్లేదు.

సీరియస్‌గా చెబితే, వాటి గుడ్డు పెంకు గట్టిది. వెదురు బొంగు లోపలో, బెరడు సందులోనో, గాజు మూలలోనో అతికించేస్తాయి. పీకితే పగులుతుంది. ట్యాంకులోనే వదిలేయాలి, లేదా ఆ వెదురు ముక్కనే తీసి వేరే డబ్బాలో పెట్టాలి. గాజుకి అతికిస్తే పైన చిన్న జాలీ మూత టేపుతో అంటించండి, పుట్టిన పిల్లని పెద్దవి తినకుండా. టోకే గెక్కో కూడా ఇలాగే అతికిస్తుంది. కాబట్టి అందరూ ముందు తమది ఏ రకమో చూసుకోవాలి, పూడ్చేదా అతికించేదా అని. న్యూజిలాండ్ గెక్కోలైతే అసలు గుడ్లే పెట్టవు, నేరుగా పిల్లల్నే కంటాయి.

జోడీకట్టు
కొత్తగా_చేరా బ్రో, ఎలాగూ గుడ్లు పెడుతోంది కదా, ఒక మగదాన్ని తెచ్చి అందులోనే వదిలేయ్. పొల్లు గుడ్లు ఎందుకు వేస్ట్.

లియో_లత
వద్దు. ఇప్పుడే గుడ్లు పెట్టి బరువు తగ్గిన దాని దగ్గరికి మగదాన్ని వదలడమా? మగది రోజంతా వెంటపడుతుంది, మెడ కొరుకుతుంది. ఒకే ట్యాంకులో ఎప్పుడూ ఉంచకూడదు.

జోడీకట్టు
నా దగ్గర రెండేళ్లుగా కలిసే ఉన్నాయి, ఏం కాలేదు.

లియో_లత
ఆడదాని బరువు ఎంత?

జోడీకట్టు
తూకం వేయలేదు.

లియో_లత
అదే.

(పదిహేడు రోజుల తర్వాత)

కొత్తగా_చేరా
టెన్షన్‌గా ఉంది. పొట్టలో రెండు కోలలు క్లియర్‌గా కనిపిస్తున్నాయి. నిన్నట్నుంచి తిండి మానేసింది. తాతగారు చెప్పిన కొలతలతో డబ్బా చేశా, 9 సెం.మీ. కొబ్బరి పొట్టు. రాత్రి రెండుసార్లు లోపలికి వెళ్లింది, తవ్వింది, బయటికి వచ్చేసింది. మళ్లీ నీళ్ల గిన్నె దగ్గర గీకుతోంది.

థర్మోస్టాట్_తాత
నీళ్ల గిన్నె మార్చి, అది పట్టనంత చిన్న మూత పెట్టండి ముందు. డబ్బా పారదర్శకమా?

కొత్తగా_చేరా
అవును, లోపల ఏం చేస్తోందో చూడొచ్చని.

థర్మోస్టాట్_తాత
మీరు చూడగలిగితే అది కూడా మిమ్మల్ని చూడగలదు. రంధ్రం తప్ప మిగతా అంతా నల్ల కాగితం చుట్టండి. లోపల వేడి కొలిచారా?

కొత్తగా_చేరా
23 డిగ్రీలు. చల్లటి వైపు పెట్టా, వేడి వైపు గూడు ఉంది కదా అని.

థర్మోస్టాట్_తాత
రాసిందే కదా నాయనా, మధ్యకి అని. వేడి వైపుకి జరపండి, లోపల 27, 28 ఉండాలి. వేడి గూడు కాస్త పక్కకి జరిగినా దానికి నష్టం లేదు.

సగంతోక
ఆ పొట్టుని చేత్తో అదమండి. కూలిపోతోందేమో. ఒక మూల మీరే వేలితో చిన్న గుంత తీసి పెట్టండి, మిగతాది అది చూసుకుంటుంది. ఇసుక కలపమని చెప్పను, ఎండుటాకు గారు నిద్రపోతున్నారు లేపడం ఎందుకు.

ఎండుటాకు
లేచే ఉన్నా.

లియో_లత
ఊరికే భయపెట్టడానికి కాదు గానీ ఇది గుర్తుంచుకోండి. మా ఒక ఆడదానికి సరైన డబ్బా లేక గుడ్లు లోపలే ఆగిపోయాయి. నేను "ఇంకో రెండు రోజులు చూద్దాం" అని వారం చూశాను. కళ్లు లోపలికి పోయాయి, కాళ్లు ఈడ్చుకుంటూ నడిచింది. డాక్టర్ స్కాన్ చేసి, సెలైన్, కాల్షియం ఇంజెక్షన్ ఇచ్చారు. ఒకటి వచ్చింది, రెండోది ఆపరేషన్ చేసి తీశారు. బతికింది కానీ మళ్లీ గుడ్లు పెట్టలేదు.

చురుగ్గా తవ్వుతోందంటే ఇంకా పర్లేదు. ముక్కుతోంది కానీ రావడం లేదు, నీరసంగా పడి ఉంది, కళ్లు గుంటలు పడ్డాయి, ఒక గుడ్డు వచ్చి రెండోది రోజు గడిచినా రాలేదు: వీటిలో ఏది కనిపించినా ఫోరమ్‌లో పోస్ట్ పెట్టకండి, సరీసృపాల్ని చూసే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆ డాక్టర్ ఎవరో ఈ రోజే కనుక్కుని పెట్టుకోండి. వేడి నీళ్లలో ముంచడం, పొట్ట పిండటం లాంటివి అసలే వద్దు.

కొత్తగా_చేరా
కాగితం చుట్టా, జరిపా, పొట్టు అదిమి గుంత తీశా. లైట్లు ఆపేసి గదిలోంచి బయటికొచ్చేశా. చూడకుండా ఉండటం చాలా కష్టంగా ఉంది.

కొత్తగా_చేరా
పెట్టింది!!! డబ్బాలోనే. రెండు. పైన చక్కగా పూడ్చి, ఇప్పుడు వేడి గూట్లో చచ్చినట్టు పడి నిద్రపోతోంది. పొట్ట రెండు వైపులా సంచిలా వేలాడుతోంది, అది మామూలేనా?

రేయిపురుగు
మామూలే. నీళ్లు పెట్టు, లేవగానే తిండి పెట్టు. మీద పడి తింటుంది చూడు.

థర్మోస్టాట్_తాత
తీసేముందు ఆగండి. పై మట్టి బ్రష్‌తో తుడిచి, గుడ్డు పైవైపు మెత్తటి పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టండి. ఆ చుక్క ఎప్పుడూ పైనే ఉండాలి. మొదటి రోజు గడిచాక లోపలి పిండం పెంకుకి అతుక్కుంటుంది, ఆ తర్వాత తిప్పితే చచ్చిపోతుంది. కోడిగుడ్లలా తిప్పుతూ ఉండాలని ఎవరైనా చెబితే వినకండి. రెండూ ఒకదానికొకటి అంటుకుని ఉంటే విడదీయొద్దు, జంటగానే పెట్టండి.

ఎండుటాకు
పొదిగించే ముందు ఒక ప్రశ్న. తండ్రి ఎవరో తెలియదు, తల్లి ఎక్కడిదో తెలియదు. లెపర్డ్ గెక్కోల్లో కొన్ని రంగులతో పాటు జబ్బులు కూడా వస్తాయి. ఎనిగ్మా రకంలో తల తిరగడం, గుండ్రంగా తిరగడం చూశాం. లెమన్ ఫ్రాస్ట్‌లో చర్మం మీద కణితులు, 2021లో దాన్ని స్పింట్1 అనే జన్యువుతో ముడిపెట్టారు కూడా. అన్నింటికంటే, పుట్టిన ప్రతి పిల్లకీ వేరే డబ్బా, వేరే వేడి కావాలి. సీజన్‌కి పది దాటొచ్చు. వద్దనుకుంటే పెట్టిన రోజే ఫ్రీజర్‌లో పెట్టేయడం న్యాయం.

జోడీకట్టు
అయ్యో, పాపం కదా.

ఎండుటాకు
పెట్టిన రోజు అందులో ఉన్నది కణాల ముద్ద. నెలల తర్వాత ఇల్లు దొరక్క మీరు ఎవరికో ఇచ్చేసేది ప్రాణం. ఏది పాపమో మీరే చెప్పండి.

కొత్తగా_చేరా
రాత్రంతా ఆలోచించా. టార్చ్ వేస్తే ఒకటి మొత్తం పసుపు, అంటే పొల్లుదే. ఇంకోదాంట్లో గులాబీ రంగు, ఎర్రటి చిన్న ఉంగరం లాంటిది. ఆ ఒక్కటి పొదిగిస్తా. భీమమ్మది మామూలు పసుపు చుక్కల రంగే, నడకలో తేడా లేదు. ఒకటి పెంచుకునే చోటు నాకుంది. తర్వాతి ఈతలు ఎండుటాకు గారు చెప్పినట్టే చేస్తా. ఇప్పుడు ఇంక్యుబేటర్ ఎలాగో చెప్పండి.

థర్మోస్టాట్_తాత
వర్మిక్యులైట్ (తడిని పట్టి ఉంచే ఖనిజపు పొట్టు) 100 గ్రాములకి నీళ్లు 100 గ్రాములు. కొలత తూకంతో, గ్లాసుతో కాదు. చిన్న మూత డబ్బాలో పోసి, వేలితో గుంత చేసి గుడ్డు సగం లోపల సగం బయట ఉండేలా పెట్టండి. మూతకి రంధ్రాలు అక్కర్లేదు, వారానికి ఒకసారి తెరిచి మూస్తే గాలి సరిపోతుంది. మొత్తం డబ్బా తూచి ఆ బరువు మూత మీద రాయండి. వారానికోసారి తూచి, బాగా తగ్గితే అన్ని నీళ్లు అంచున పోయండి, గుడ్డు మీద కాదు. దీన్ని థర్మోకోల్ పెట్టెలో, థర్మోస్టాట్‌కి కలిపిన హీట్ మ్యాట్‌తో ఉంచండి. సెన్సర్ గుడ్డు పక్కనే ఉండాలి. థర్మోస్టాట్ లేని మ్యాట్ 50 దాటడం నేను కళ్లారా చూశాను, ఆ గుడ్లు ఉడికాయి.

రేయిపురుగు
ఎంత వేడి పెట్టాలో చెప్పలేదు తాతా. అసలు మజా అక్కడే.

థర్మోస్టాట్_తాత
వీటికి ఆడ, మగ తేల్చేది వేడి. 26 దగ్గర ఎక్కువగా ఆడవి. 32, 33 దగ్గర ఎక్కువగా మగవి. 34 దాటితే మళ్లీ ఆడవే ఎక్కువ, కానీ చాలా గుడ్లు చచ్చిపోతాయి, బతికినవి కోపిష్టివి అవుతాయంటారు. మొదటి కొన్ని వారాల్లోనే ఇది తేలిపోతుంది, తర్వాత మార్చినా లాభం లేదు.

సగంతోక
నేనైతే 31 పెడతా, త్వరగా తెమిలిపోతుంది.

లియో_లత
త్వరగా ఎందుకు? తక్కువ వేడిలో నెమ్మదిగా పెరిగితే పిల్ల పెద్దగా పుడుతుందని నా అనుభవం. 28.

సగంతోక
నా అనుభవంలో తేడా లేదు. కానీ లతతో వాదించి గెలిచినవాడు లేడు.

కొత్తగా_చేరా
28 పెట్టా.

(యాభై తొమ్మిది రోజుల తర్వాత)

కొత్తగా_చేరా
నిన్న గుడ్డు మీద చెమట పట్టినట్టు చుక్కలు, కాస్త లోపలికి కుంగింది కూడా. పోయిందనుకున్నా. ఈ రోజు పొద్దున చీలిక పడి చిన్న ముక్కు! ఐదు గంటలు అలాగే ఉంది, నేను లాగబోయి ఆగా. మధ్యాహ్నానికి మొత్తం వచ్చేసింది. బూడిద, పసుపు పట్టీలు. తూకం 3 గ్రాములు. నా వైపు చూసి కీచుమని అరిచింది!

రేయిపురుగు
అంత చిన్నదానికి అంత గొంతా అనిపిస్తుంది కదా. పుట్టగానే అందరి మీదా అరుస్తాయి.

లియో_లత
లాగకపోవడం చాలా మంచి పని. పొట్టకి పచ్చసొన మిగిలి ఉంటే తడి పేపర్ టవల్ మీద ఉంచండి, అదే ఇంకుతుంది. మొదటి కుబుసం విడిచే దాకా, మూడు నాలుగు రోజులు, తినదు. తర్వాత దాని తల వెడల్పు దాటని చిన్న కీచురాళ్లు. తల్లి ట్యాంకులో పొరపాటున కూడా వేయొద్దు, తినేస్తుంది.

క్రెస్టీవాడు
పేరేం పెట్టారు?

కొత్తగా_చేరా
ఆడో మగో తేలేదాకా పేరు పెట్టను. ఒకసారి చాలు.

నలుగురాడవాళ్లు
మా దగ్గర ఈ సమస్యే లేదు.

థర్మోస్టాట్_తాత
ఆరు నెలలు ఆగండి, కింది నుంచి ఫోటో తీసి పెట్టండి, చెబుతాం. ఈలోగా పెద్దదాని డబ్బాలో పొట్టు మార్చారా? రెండు నెలలు అయింది, బూజు పట్టి ఉంటుంది.

కొత్తగా_చేరా
మధ్యలో ఒకసారి మార్చా. పోయిన వారం పెట్టిన గుడ్లు రెండూ పొల్లువే. తోక పర్లేదు, బరువు 57. డబ్బా ఇప్పుడే చూశా, ఒక మూల ఎండింది. నీళ్లు చల్లి వస్తా.